గోర్ట్ చుట్టూ ఎర్రగీత

గ్రేమౌత్, న్యూజీలాండ్
1987 జనవరి 11

లూక్ టాన్సీ గారికి, లేదా వారింట్లో ఈ ఉత్తరం తెరిచినవారికి,

నా పేరు ఊనా టాన్సీ. మీ అన్నగారు ఓవెన్ టాన్సీ కూతుర్ని. నాన్న పోయిన ఆగస్టులో కన్నుమూశారు. తొంభై ఒక్కేళ్లు. ఈ కబురు రాయడానికి ఐదు నెలలు ఎందుకు పట్టిందంటే, మీరు ఉన్నారో లేదో, ఉంటే మాతో మాట్లాడే ఉద్దేశం ఉందో లేదో తెలియక. రాయడం, చించడం. ఇది నాలుగోది.

నాకు యాభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఇక్కడి పోస్టాఫీసులో ముప్ఫై ఒక్కేళ్లు ఉత్తరాలు వేరుచేసి మొన్న నవంబరులో రిటైరయ్యాను. జూన్‌లో ఐర్లండ్ రావాలని టికెట్టు కొన్నాను. టూరు బస్సులో నలభై మందితో కలిసి దిగి, ఫొటో తీసుకుని, మళ్లీ ఎక్కడం నా వల్ల కాదు. గైడు కూడా అక్కర్లేదు. డబ్లిన్ నుంచి రైల్లో బాయిల్ దాకా వచ్చి, అక్కడ సైకిలు అద్దెకు తీసుకుని ఆరు రోజులు నా అంతట నేనే తిరుగుతాను. మ్యాపు తెప్పించాను. వంటింటి బల్ల మీద పరిచి, దాని మీదే భోంచేస్తున్నాను.

చూడాలనుకున్నవి ఎక్కువ లేవు. నాన్న పుట్టిన ఇల్లు, చదివిన బడి, తాతా నాయనమ్మల సమాధి. వీటన్నిటికన్నా ముందు, ఆయన 'గోర్ట్' అని పిలుచుకునే పొలం. కుర్రతనంలో ఆరేళ్లు స్కాట్లండ్ వెళ్లి బంగాళాదుంపలు తవ్వి కొన్నానని, చుట్టూ ఎంత బురదైనా అదొక్కటే పొడిగా ఉంటుందని చెప్పేవారు. మ్యాపులో నాకది దొరకలేదు.

ఏ దారి సైకిలుకు అనువుగా ఉంటుందో, ఎక్కడ పడుకోవచ్చో రాయగలరా? మీ ఇంట్లో దిగాలన్న ఆలోచన లేదు. ఎవరికీ భారం కాను.

ఊనా టాన్సీ


కల్లీగోర్మ్, బాలీమోట్ దగ్గర, స్లైగో కౌంటీ
1987 ఫిబ్రవరి 2

ప్రియమైన ఊనా,

నీ ఉత్తరం తెరిచింది నేను, లూక్ కూతురు అట్రాక్టాని. నాన్న లేరు. పెదనాన్న పోయారని చదివి ఆ సాయంత్రమే జపమాలలో ఆయన పేరు కలిపాం. నాకు అరవై ఒకటి. అంటే అక్కనవుతాను, అందుకే చనువుగా నువ్వు అంటున్నాను. నిన్న బ్రిజిడ్ పండగ. తుంగతో శిలువలు అల్లి తలుపుకి కట్టాను. మా నేలలో తుంగకేం కరువు!

నీ ప్రయాణం సంగతి. సైకిలు మంచి ఆలోచనే. కానీ కల్లీగోర్మ్ వైపు మాత్రం దారి పెట్టుకోకు. మా వంతెన విరిగింది. పైగా హానన్ వాళ్ల ఆబోతు కట్టు తెంపుకుని దారి మీదే తిరుగుతుంది, పోయినేడు పోస్టుమాన్‌ని గోడెక్కించింది. నువ్వు బాయిల్ నుంచి 'ఆరో' అనే పేరున్న సరస్సు తూర్పు ఒడ్డు మీదుగా రా. అక్కడ హెరాటీ వాళ్లావిడ గదులిస్తుంది. రొట్టె బాగుంటుంది, పరుపు గట్టిగా ఉంటుంది. రెండోరోజు కొండ మీది గుహలు చూడు. మూడోరోజు బాలీమోట్ కోట. అక్కడి హోటలుకి నేనే బస్సులో వస్తాను, కూర్చుని టీ తాగి అన్నీ మాట్లాడుకుందాం. నువ్వు మా ఇంటిదాకా శ్రమపడక్కర్లేదు.

ఒకమాట. జూన్‌లో ఇక్కడ ఒకటే వాన. వచ్చే ఏడు మే నెల అయితే ఎంత హాయిగా ఉంటుందో! మా ఆయన జార్లాత్ కూడా అదే అంటున్నాడు. "ఇన్నేళ్లు ఆగిన మనిషి, ఇంకో ఏడాది ఆగితే మునిగిందేముంది?" అని.

మీ అక్క,
అట్రాక్టా గిల్‌మార్టిన్


గ్రేమౌత్
1987 ఫిబ్రవరి 20

అక్కా,

రాయడానికి ఎంత బాగుందో ఈ మాట. నాకు తోబుట్టువులు లేరు. నీ ఉత్తరం మూడుసార్లు చదివి, మ్యాపు మీద నువ్వు చెప్పిన దారి వెతుక్కున్నాను. గుహలు దొరికాయి. కోట దొరికింది. హెరాటీ గారికి గది కోసం రాశాను కూడా.

టికెట్టు మార్చరట, అడిగాను. కాబట్టి వాన పడినా జూన్ తొమ్మిదినే బాయిల్లో దిగుతాను. ఇక్కడ మాకూ వానలే. నేనేం చక్కెర బొమ్మను కాను.

లూక్ బాబాయి ఎప్పుడు పోయారో రాయలేదు నువ్వు. అడుగుతున్నానని ఏమీ అనుకోకు. నాన్న దగ్గర ఆయన ఉత్తరాలు యాభై రెండున్నాయి. 1924 నుంచి ఏటా క్రిస్మస్‌కి ఒకటి. ప్రతి కవరులో గోర్ట్‌లో కోసిన ఎండుగడ్డి ఒక పరక. నాన్న ఆ పరకల్ని పొగాకు డబ్బాలో దాచారు. డిసెంబరులో మూత తీసి వాసన చూసి, "ఊనా, ఈ ఏడు బాగా ఎండింది" అనేవారు. నాకేమీ తెలియకపోయినా తలూపేదాన్ని.

చివరిది 1975 క్రిస్మస్‌ది. బాబాయి ఇలా రాశారు: "అన్నా, నీ గోర్ట్‌లో గడ్డి రెండు రోజుల్లో ఎండింది. నాదంతా యథాప్రకారం బురద. నీ పొలానికి కాపలా నాది. వచ్చిన రోజున నీకు అప్పజెబుతాను." ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. నేను పోస్టాఫీసు మనిషిని. ఉత్తరం ఒక ఏడాది తప్పిపోతుంది, రెండేళ్లు తప్పిపోతుంది. పదకొండేళ్లు తప్పిపోదు.

ఉత్తరాలన్నీ తీసుకొస్తాను. కలిసి చదువుకుందాం. అన్నట్టు, గోర్ట్ ఎక్కడుందో చెప్పడం మరిచిపోయావు.

నీ చెల్లెలు,
ఊనా


కల్లీగోర్మ్
1987 మార్చి 6

ప్రియమైన ఊనా,

నాన్న పోయి కొన్నేళ్లయింది. ఏళ్లు లెక్కపెట్టుకుని ఏం చేస్తాం? చివరి రోజుల్లో ఆయనకి మతి సరిగ్గా ఉండేది కాదు, పాపం. ఏం రాస్తున్నారో ఆయనకే తెలిసేది కాదు. ఆ రాతలు పట్టించుకోకు.

ఆ ఉత్తరాలు మాత్రం వెంట తేకు. సైకిలు సంచిలో పెట్టుకుని మా వానలో తిరిగితే సిరా కారిపోయి ముద్దవుతాయి. అంత దూరం దాచి తెచ్చిన వస్తువులు! అక్కడే భద్రంగా ఉంచు. లేదా ఇంకా మేలు, రిజిస్టరు పోస్టులో నాకు పంపించు. మంచి కాగితం మీద నకలు రాసుకుని తిప్పి పంపిస్తాను.

దారి కొంచెం మార్చాను. మూడోరోజు కోట అయ్యాక అటునుంచే స్లైగో వెళ్లిపో. సముద్రం ఉంది, మంచి దుకాణాలున్నాయి. నాలుగు, ఐదు రోజులు అక్కడే ఉండు. సమాధి చూడాలంటే బాలీమోట్ నుంచి కారు మాట్లాడతాను. పెద్దదారిన వెళ్లి పెద్దదారినే వచ్చేయొచ్చు. బడి పైకప్పు ఎప్పుడో కూలింది, చూడ్డానికేం లేదు.

గోర్ట్ అంటావా, పొలాలన్నీ ఒకలాగే ఉంటాయి. రాతిగోడ, లోపల గడ్డి. నేను నీ మాట చెబితే జార్లాత్ నవ్వాడు. "గడ్డి చూడ్డానికి భూగోళం చుట్టి వస్తుందా? వాళ్ల ఊళ్లో గొర్రెలు మొత్తం మేసేశాయా?" అన్నాడు. ఆయన మాటలకేం గానీ, వచ్చే ఏడు అన్న సంగతి ఇంకోసారి ఆలోచించు.

అట్రాక్టా


గ్రేమౌత్
1987 మార్చి 25

అట్రాక్టా గారికి,

మీరు రాసిన రెండు దారులనీ ఎర్ర పెన్సిలుతో మ్యాపు మీద గీశాను. మొదటి దారి తూర్పు నుంచి చుట్టివస్తుంది. రెండోది ఉత్తరం నుంచి చుట్టివస్తుంది. సమాధికి వెళ్లే కారు దక్షిణం నుంచి చుట్టివస్తుంది. మూడూ కలిపితే గుండ్రటి ఎర్రగీత తయారైంది. మధ్యలో మిగిలిన తెల్లటి చోటు బొటనవేలంత. అందులో చిన్న అక్షరాల్లో కల్లీగోర్మ్ అని ఉంది. నన్ను ప్రపంచం చివరి నుంచి రప్పించి, మీ ఇంటి చుట్టూ ప్రదక్షిణం చేయించి పంపించేద్దామనుకున్నారన్నమాట.

హెరాటీ గారి జవాబు నిన్న వచ్చింది. మంచి మనిషిలా ఉన్నారు, అడిగినదానికి రెట్టింపు చెప్పారు. ఆమె మాటలే రాస్తున్నాను: "అయ్యో, వంతెన బాగుచేసి నాలుగేళ్లయింది కదమ్మా! మా ఇంటి నుంచి దాని మీదుగా నడిస్తే అట్రాక్టా వాళ్లిల్లు పావుగంట. హానన్ ఆబోతా? దాన్ని అమ్మేసినందుకు ఊరంతా హానన్‌కి దణ్ణం పెట్టింది. పాపం లూక్, 1976 ఫిబ్రవరిలో పోయాడు. అంత్యక్రియల రోజు మంచు పడుతున్నా ఊళ్లో ఒక్కరూ ఇంట్లో ఉండలేదు. కడదాకా ఆయన బుర్ర ఎంత చురుగ్గా ఉండేదో, ముందురోజు కూడా పేకాటలో మా ఆయన్ని ఓడించాడు."

వంతెన బాగుంది. ఆబోతు లేదు. బాబాయికి మతి బాగానే ఉంది. ఆయన పోయి పదకొండేళ్లయినా మాకు కబురు లేదు. మా నాన్న తన తమ్ముడు పోయాడని తెలియకుండానే పోయారు.

నా చెవిలో పువ్వులు పెట్టడం మానేసి, ఏం దాస్తున్నారో చెప్పండి. ఉత్తరాలు పోస్టులో పంపను. ఎందుకు పంపనో మీకూ తెలుసు.

ఊనా టాన్సీ


కల్లీగోర్మ్
1987 ఏప్రిల్ 7

ఊనా,

మా ఊరివాళ్ల దగ్గర నా మీద వాకబు చేస్తావా? హెరాటీ వాళ్లావిడ ఆదివారం చర్చి మెట్ల మీద అందరి ముందూ అడిగింది నన్ను, "అట్రాక్టా, విరిగిన వంతెన ఏదే?" అని. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీకది సంతోషమైతే కానీ.

నువ్వు వాకబు చేశావు కాబట్టి నేనూ అడుగుతాను. అసలు నీకేం కావాలి? నాలుగేళ్ల కిందట మల్వీ వాళ్లింటికి చికాగో నుంచి ఒకాయన వచ్చాడు, తాతగారి ఇల్లు చూసుకుంటానని. రాగానే వాకిట్లో మట్టి ముద్దుపెట్టుకున్నాడు. మల్వీ వాళ్లావిడ ఏడ్చింది, కోడిని కోసింది. వారం తిరక్కుండా కొలతల టేపు పట్టుకొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడా ఇంట్లో మల్వీలు లేరు. బయటిదేశం వాళ్లు మెళ్లో కెమెరా వేసుకునే వస్తారు. సంచిలో ఏముందో తర్వాత కదా తెలిసేది! నీ సంచిలో యాభై రెండు ఉత్తరాలున్నాయి.

గోర్ట్ సంగతి కావాలంటే విను. మాకున్న నేలంతా తుంగే. కాలు పెడితే మడమదాకా దిగుతుంది. అక్కడి గడ్డి ఎండదు, ఎండినా బూజు పడుతుంది, అది తిన్న ఆవులు చలికాలమంతా దగ్గుతాయి. ఎనిమిది ఆవులున్నాయి మాకు. వాటి చలికాలం మేత మొత్తం గోర్ట్‌లోనే వస్తుంది. అది పోతే నవంబరులో ఆవుల్ని సంతకి తోలాలి, ఆవులు పోతే మేమిద్దరం ఈ వయసులో ఏం చేసి బతకాలి? నలభై ఏళ్లుగా దాని గోడలో పడిన ప్రతి రాయినీ తిరిగి పెట్టింది ఈ చేతులు. నువ్వు ఒక్కనాడైనా అక్కడ గడ్డి తిరగేశావా?

అది ఎవరిదని మాత్రం నేను రాయను. రాయొద్దన్నారు కూడా.

ఎ. గిల్‌మార్టిన్


గ్రేమౌత్
1987 ఏప్రిల్ 20

శ్రీమతి గిల్‌మార్టిన్ గారికి,

"రాయొద్దన్నారు" అన్నారు. ఎవరన్నారు, ఎందుకన్నారు అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తర్వాత మా ఊరి లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన డబ్లిన్‌లో చదివిన తన స్నేహితుడికి ఫోను చేసి కనుక్కున్నాడు.

ఇదట సంగతి. ఒకరి పొలం ఇంకొకరు పన్నెండేళ్లు అడ్డూ ఆపూ లేకుండా దున్నుకుంటే అది దున్నుకున్నవాళ్లదవుతుంది. కానీ మధ్యలో ఎప్పుడైనా "ఈ పొలం నీది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ ఒకటో ఏడు. బాబాయి యాభై రెండు క్రిస్మస్‌లూ ఆ వాక్యం రాశారు. చివరిది 1975 డిసెంబరు. పన్నెండేళ్లు నిండేది ఈ క్రిస్మస్‌కి.

అందుకే నన్ను వచ్చే ఏడు రమ్మన్నారు.

నేను కోపంతో రాయడం లేదు. కోపం మొన్న వచ్చింది, పోయింది. మీకొకటి చెప్పాలి. ఇన్నాళ్లూ ఉత్తరాల్లో నేను దాచింది అదే. 1976 డిసెంబరులో నాన్న ప్రతిరోజూ గేటు దగ్గర నిలబడ్డారు. పోస్టుమాన్ నా కింద పనిచేసేవాడే. రోజూ నా దగ్గరికొచ్చి, "ఊనమ్మా, మీ నాన్నగారికి ఏం చెప్పమంటారు?" అని అడిగేవాడు. మరుసటేడూ అంతే. తర్వాత నడవలేకపోయారు. కుర్చీ కిటికీ దగ్గర వేయించుకున్నారు. ముప్ఫై ఒక్కేళ్లు ఊరందరి ఉత్తరాలూ ఇళ్లకి చేర్చాను, మా ఇంటికి చేర్చాల్సిన ఒక్కటీ చేర్చలేకపోయాను. "లూక్‌కి నా మీద కోపం వచ్చింది. ఏమన్నానో గుర్తులేదు" అనేవారు. పదేళ్లు అదే మాట. పోయిన ఆగస్టులో కూడా అదే మాట.

నాకు పొలం మీద ఆశ లేదని చెబితే మీరు నమ్మరు. నమ్మకండి. ఒక్క ప్రశ్నకి జవాబు చాలు. అయిదు పెన్నీల కార్డు మీదైనా, "లూక్ పోయాడు, ఆయనకి నీ మీద కోపం లేదు" అని రాయడానికి ఏమడ్డం వచ్చింది?

జూన్‌లో వస్తాను. ఆ తెల్లటి చోటులోకే వస్తాను.

ఊనా టాన్సీ


కల్లీగోర్మ్
1987 మే 3

ఊనా,

నీ ఉత్తరం చేరి నాలుగు రోజులైంది. పాలు పిండుతూ ఏడ్చాను. ఆవులకి చెప్పుకున్నాను, మనుషులకి చెప్పే మొహం లేక.

అడ్డం వచ్చింది చెబుతాను. నాన్నని పూడ్చిన నెలకి ఆయన కాగితాలు పట్టుకుని టౌన్‌లో లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన అన్నీ తిరగేసి, "గోర్ట్ మీది కాదమ్మా. ఆ పెద్దాయనకి మీరేమన్నా ఉత్తరాలు రాస్తున్నారా?" అన్నాడు. నాన్న రాసేవారు, ఇక నేను రాయాలి అన్నాను. "వద్దు. కార్డు ముక్క కూడా వేయొద్దు. మీరు అబద్ధం ఆడక్కర్లేదు, ఎవర్నీ మోసం చేయక్కర్లేదు. పన్నెండేళ్లు ఊరుకోండి, చాలు" అన్నాడు. ఊరుకోవడంలో పాపమేముంది అనుకున్నాను. చావు కబురు ఒక్కటీ రాద్దామని కూర్చుంటే, "నాన్న పోయారు" తర్వాత "మీ గోర్ట్" అని రాయకుండా ఉండటం నా చేత కాలేదు. ఆ కాగితం పొయ్యిలో వేశాను.

పెదనాన్న రాస్తూనే ఉన్నారు. నీకు తెలుసో లేదో, నాన్న పేరున 1984 దాకా వచ్చాయి. ఎనిమిది ఉత్తరాలు. వంటింటి అలమరలో పెద్ద పళ్లేల వెనకాల ఉన్నాయి. ప్రతిదీ చదివాను. చివరిదాంట్లో అక్షరాలు వంకరటింకరగా, "లూక్, నేనేమైనా అన్నానా? అని ఉంటే మరిచిపో. గోర్ట్ పొడిగానే ఉందా?" అని ఉంది. చదివి, మళ్లీ పళ్లేల వెనకాలే పెట్టాను. ఇది క్షమించమని అడగను నిన్ను. నన్ను నేనే క్షమించుకోలేదు.

దీనితో పాటు ఇంకో ఉత్తరం ఉంది. అది నీకు కాదు. ఇవాళ పొద్దున రాశాను. రాస్తుంటే జార్లాత్ వెనకాల నిలబడి చదివాడు.

"అది పోస్టు చేశావంటే నవంబరులో ఆవుల్ని నువ్వే తోలాలి సంతకి" అన్నాడు.

"తోలతాను" అన్నాను.

విసురుగా బయటికి పోయాడు. తిట్టుకుంటూ పోయాడనుకున్నాను. కాసేపటికి కొట్టం నుంచి తిరిగొచ్చి బల్ల మీద గడ్డిపరక ఒకటి పెట్టాడు. "మీ నాన్న దీన్ని ఒక్క ఏడూ మరవలేదు" అన్నాడు.

అట్రాక్టా

—

పెదనాన్నా,

ఇది పదకొండేళ్ల కిందట రాయాల్సింది. నాన్న 1976 ఫిబ్రవరి పదమూడున పోయారు. నిద్రలోనే పోయారు. మీ మీద ఆయనకి కోపం లేదు, ఒక్కనాడూ లేదు. ఆఖరి వారంలో కూడా, "ఓవెన్ దగ్గర్నుంచి జాబొచ్చిందా?" అని అడిగారు. జాబు రాయనిది నేను. ఆయన కాదు.

మీ గోర్ట్ సంగతులు బాకీ పడ్డాను. 1976లో ఎండలకి ఊళ్లో బావులు ఎండినా మీ గోర్ట్‌లో గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. 79లో పడమటి గోడ పది అడుగులు కూలింది, అవే రాళ్లతో కట్టాం. 82లో గేటు మార్చాం, పాత గేటు గడియ మాత్రం తీసి దీనికే వేశాం. అది మీరు వేసిందని నాన్న చెప్పేవారు. 85లో వాన ఆగలేదు. ఊరందరి గడ్డీ పొలాల్లోనే కుళ్లింది, జనం ఆవుల్ని అయినకాడికి అమ్ముకున్నారు. మీ గోర్ట్‌లోది ఒక్కటే ఎండింది. మా ఎనిమిది ఆవులూ ఆ చలికాలం మీ గడ్డి తినే బతికాయి. పోయినేడు నాలుగు రోజులు పట్టింది, అయినా బాగా ఎండింది. మీరడిగారు కదా, పొడిగానే ఉంది.

కల్లీగోర్మ్‌లో గోర్ట్ తిరిమ్, అంటే పొడి పొలం, అని పిలిచే ఏడెకరాల పొలం ఓవెన్ టాన్సీది. ఆయన తర్వాత ఆయన కూతురు ఊనాది. మా నాన్నా, నేనూ దానికి కాపలా ఉన్నాం, అంతే. ఇది తెలిసి, ఇష్టపడి రాస్తున్నాను.

మీ తమ్ముడి కూతురు,
అట్రాక్టా గిల్‌మార్టిన్
1987 మే 3


గ్రేమౌత్
1987 మే 18

అక్కా,

నాన్న పేరున వచ్చిన ఉత్తరం శనివారం ఆయన సమాధి దగ్గరికి తీసుకెళ్లి పైకి చదివాను. గాలి విపరీతంగా ఉంది, గట్టిగా చదవాల్సి వచ్చింది. పక్క సమాధికి పూలు పెట్టడానికొచ్చిన ముసలాయన 85 వానల దగ్గర ఆగి, చివరిదాకా విన్నాడు. "ఆ ఎనిమిది ఆవులూ బతికాయన్నమాట" అని వెళ్లిపోయాడు. లూక్ బాబాయికి కోపం లేదన్న వాక్యం రెండుసార్లు చదివాను. నాన్నకి చివర్లో చెవుడు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. అబద్ధం ఆడను. ఆ ఎనిమిది ఉత్తరాలూ చూశాక మళ్లీ వస్తుందేమో కూడా. వస్తే నీ ఎదురుగానే కూర్చుని కోప్పడతాను, కాగితం మీద కాదు.

పోస్టాఫీసులో మాకొక పద్ధతుంది. ఎవరి పేరున ఉత్తరం వచ్చిందో ఆ మనిషి లేకపోతే, దాన్ని పంపినవాళ్లకే తిప్పి పంపాలి. ముప్ఫై ఒక్కేళ్లు తప్పకుండా చేశాను. కాబట్టి నాన్నకి రాసిన ఉత్తరం దీనితో నీకే పంపిస్తున్నాను. నకలు తీయలేదు. మా లాయరుకి చూపించలేదు. మీ పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందని నాన్న చెప్పేవారు, దాన్ని ఏం చేయాలో నీకు చెప్పక్కర్లేదు. గడ్డిపరక మాత్రం ఇవ్వను. డబ్బాలో యాభై మూడోది.

తొమ్మిదిన బాయిల్లో సైకిలు తీసుకుంటాను. హెరాటీ గారింట్లో ఒక్క రాత్రి పడుకుని, పదిన పొద్దున్నే విరిగిన వంతెన మీదుగా వస్తాను. గుహలూ కోటా వద్దు. ఆరు రోజులూ అక్కడే. గడ్డి ఎలా తిరగేస్తారో నేర్పించు. నలభై ఏళ్లలో ఒక్కనాడైనా చేశావా అని అడిగావు కదా, అది గుచ్చుకుంది నాకు. జార్లాత్ బావకి చెప్పు, ఆవుల్ని సంతకి తోలే పని లేదని. మా గొర్రెలు నిజంగానే మొత్తం మేసేశాయని కూడా చెప్పు.

ఒక్కటే అడుగుతాను. ఇకముందు ప్రతి క్రిస్మస్‌కీ నాకు ఉత్తరం రావాలి. ఒక్క ఏడు కూడా తప్పకూడదు. గడ్డి ఎన్ని రోజుల్లో ఎండిందో రాయి, గోడ ఎక్కడ కూలిందో రాయి, ఆవుల పేర్లు రాయి.

పొలం ఎవరిదో మాత్రం రాయకు.

నీ చెల్లెలు,
ఊనా